వాడని బోరులో నీటిమట్టం సెన్సార్

ప్రశ్న: మా ఊళ్లో మోటారు తీసేసిన 300 అడుగుల బోరు ఒకటి ఉంది. కేసింగ్ గొట్టం 60 అడుగుల వరకే ఉంది. రైతులం కలిసి అందులో నీటిమట్టాన్ని నమోదు చేసే సెన్సార్ దింపాలనుకుంటున్నాం. ఎంత లోతున వేలాడదీయాలి? అది చూపే అంకెను నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: సెన్సార్ కొనేముందు ఆ బోరుకు భూగర్భజలంతో ఇంకా సంబంధం ఉందో లేదో తేల్చుకోండి. కొన్నేళ్లుగా వాడని బోర్లలో రాతి పగుళ్లు ఒండ్రుతో పూడిపోవచ్చు. అప్పుడు ఎంత ఖరీదైన పరికరమైనా గొట్టంలో నిలిచిపోయిన నీటినే కొలుస్తూ ఉంటుంది. టేపుతో మట్టం చూసి, నాలుగైదు బిందెల నీళ్లు ఒక్కసారిగా పోసి, పెరిగిన మట్టం మళ్లీ మొదటి చోటికి వస్తుందేమో గమనించండి. గంటలు గడిచినా దిగకపోతే కంప్రెసర్‌ గాలితో పూడికను బయటికి తోయించే ఫ్లషింగ్ చేయించక తప్పదు.

సెన్సార్ కొలిచేది నీటిమట్టాన్ని కాదు, తన మీదున్న నీటి పీడనాన్ని. ఒక మీటరు నీటికి సుమారు 9.8 కిలోపాస్కల్‌ల పీడనం ఉంటుంది. మీ బోరులో మే నెలలో నీరు 40 మీటర్లకు దిగి, వానల తర్వాత 30 మీటర్లకు పైకి వస్తుందనుకుంటే, సెన్సార్‌ను 45 మీటర్ల వద్ద కట్టి, 20 మీటర్ల పరిధి గలది, అంటే తనపై 20 మీటర్ల నీటి వరకు కొలవగలది ఎంచుకుంటే సరిపోతుంది. అది 98 కిలోపాస్కల్‌లు చూపిన రోజున దానిపై 10 మీటర్ల నీరుందని, అంటే మట్టం 35 మీటర్ల లోతున ఉందని అర్థం. ముందుజాగ్రత్త పేరిట 100 మీటర్ల పరిధి గలది కొనడం నా దృష్టిలో డబ్బు దండగ: కచ్చితత్వాన్ని సాధారణంగా మొత్తం పరిధిలో శాతంగా చెబుతారు కాబట్టి, 0.05 శాతం అన్నప్పుడు 20 మీటర్లకు ఒక సెంటీమీటరుగా ఉన్న తేడా 100 మీటర్లకు అయిదు సెంటీమీటర్లవుతుంది. బోరు అడుగున మాత్రం పెట్టకండి, బురద చేరుతుంది.

గాలి పీడనాన్ని చాలామంది మరచిపోతారు. మన ప్రాంతంలో అది రోజుకు రెండుసార్లు, సుమారు ఉదయం, రాత్రి పది గంటలకు పెరిగి, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తగ్గుతుంది. ఒక హెక్టోపాస్కల్ (కిలోపాస్కల్‌లో పదో వంతు) తేడా సుమారు ఒక సెంటీమీటరు నీటితో సమానం. దీన్ని సవరించకపోతే గ్రాఫ్‌లో కనిపించే ఎగుడుదిగుళ్లు చూసి పక్క రైతు దొంగచాటుగా మోటారు వేస్తున్నాడని అనుమానించే ప్రమాదం ఉంది. ఇందుకు సెన్సార్‌కు బయటి గాలి పీడనాన్ని చేరవేసే సన్నని గాలిగొట్టం ఉన్న కేబుల్ గానీ, పైన వేరుగా గాలి పీడనం నమోదు చేసే పరికరం గానీ ఉండాలి. గాలిగొట్టం ఉన్నదయితే, తేమ పీల్చే సిలికా జెల్‌ను వానాకాలంలో తరచు మార్చాలి.

కేసింగ్ కింద మీ బోరు తెరిచే ఉంది కనుక, వేర్వేరు లోతుల్లోని పగుళ్ల నీరు కలిసి వచ్చే మట్టమే మీకు తెలుస్తుంది. ఒక్క పగులులోని పీడనమే కావాలంటే అక్కడ జల్లెడ గొట్టం, చుట్టూ ఇసుక, పైన తడిస్తే ఉబ్బి నీటిని అడ్డుకునే బెంటోనైట్ మట్టితో ముద్ర వేసి, వేరుగా పీజోమీటర్ (ఒక్క లోతులోని నీటి పీడనాన్నే కొలిచే ఏర్పాటు) నిర్మించాలి. ఆనకట్టల్లో సెన్సార్‌ను సిమెంటు–బెంటోనైట్ మిశ్రమంలోనే పూడ్చేసే పద్ధతీ ఉంది, అయితే దాన్ని తిరిగి పైకి తీయలేం. మీ అవసరానికి ఇంత పని అక్కర్లేదు.

చుట్టుపక్కల మోటార్లు మొదలుకాకముందు, తెల్లవారుజామున వచ్చే అంకెనే రోజు మట్టంగా రాసుకోండి. నెలకొకసారి కేసింగ్ అంచు మీద వేసిన అదే గుర్తు నుంచి టేపుతో కొలిచి సరిచూడండి. కేబుల్ సాగినా జారినా అప్పుడే బయటపడుతుంది.