ఆన్‌లైన్‌లో ముక్కపని (చేసిన పనిని బట్టి కూలి) చేసేవాళ్లు ఉద్యోగులేనని కోర్టులో రుజువు చేయగలమా?

ఫోటోలకు లేబుల్స్ పెట్టే పని (ఫోటోలో ఏముందో గుర్తు పెట్టడం) ఇంటి నుంచి చేస్తున్నానని, నేను ఉద్యోగిని కాదని కంపెనీ అంటోందని, కేసు వేస్తే నిలబడుతుందా అని అడిగారు. నిలబడే అవకాశం ఉంది. చట్టం కంటే ఆధారాల గురించే ఎక్కువ టెన్షన్ పడండి.

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా తమ్ముడిదీ ఇదే పని. ఒకరోజు పొద్దున్నే కంపెనీ వాళ్లు యాప్‌లో వాడి ఐడీ బ్లాక్ చేశారు. వాణ్ణి వెంటబెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన అడిగింది ఒక్కటే: "నీ పని ఎట్లా చేయాలో ఎవరు చెప్పేవాళ్లు నాయనా? చూపించు." తమ్ముడు ఫోన్ తీశాడు. లాగిన్ కాలేదు. ఒక్కో ఫోటోకు ఎన్ని సెకన్లు, ఏది తిప్పికొట్టారు, రేటింగ్ ఎందుకు తగ్గించారు, అన్నీ ఆ యాప్‌లోనే ఉన్నాయి. చేతిలో మిగిలింది బ్యాంకు స్టేట్‌మెంటు. అందులోనూ డబ్బు వేసింది కంపెనీ పేరుతో కాదు, మధ్యలో ఉన్న పేమెంట్ సంస్థ పేరుతో.

కేసు వేశాక కంపెనీ వాళ్లు మాత్రం 'స్వతంత్ర కాంట్రాక్టర్' అని రాసున్న ఒప్పందం తెచ్చి పెట్టారు. గొడవొస్తే బెంగళూరులో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అట! ఇంటర్ చదివిన పిల్లాడు ఫోన్ తెర మీద అంత ఇంగ్లీషు చదివి ఒప్పుకున్నాడని ఎవరైనా నమ్ముతారా?

సాక్ష్యాలు మొదలుకాకముందే లాగిన్ రికార్డులు, రేటింగ్ నియమాలు ఇప్పించమని మా లాయరు దరఖాస్తు పెట్టారు. అవి వ్యాపార రహస్యాలని కంపెనీ వాళ్లు అన్నారు. పైగా తమ్ముడు వేరే యాప్‌లలో ఎంత సంపాదించాడో లెక్కలన్నీ తెమ్మన్నారు. మన బతుకంతా వాళ్లకు తెరిచి చూపాలి, వాళ్ల సర్వర్ మాత్రం తెరవకూడదు! నాకు ఒళ్లు మండింది.

వేరేచోట పని చేస్తే ఉద్యోగి కాకుండా పోతాడా? సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు చూడండి. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిందే. ఆ దర్జీలకు కుట్టినదాన్ని బట్టే కూలి, వేరే దుకాణాలకూ కుట్టుకోవచ్చు. అయినా బాగా కుట్టలేదని తిప్పికొట్టే హక్కు యజమానికి ఉందని గుర్తించి, వాళ్లు ఉద్యోగులేనని 1973లో తీర్పిచ్చారు. లేబుల్ తిప్పికొట్టడం అంతకంటే వేరా? గిగ్ పనివాళ్లు (యాప్‌లలోలా ఎప్పటికప్పుడు దొరికే పని చేసేవాళ్లు) సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయటివాళ్లని 2020 సామాజిక భద్రతా కోడ్ నిర్వచించింది. ఆ మాటే కంపెనీ వాళ్లు పట్టుకుంటారు. కానీ అసలు సంబంధం ఏమిటో తేలాల్సింది రికార్డుల్లోనే. అమెరికాలో ఇలాంటి పనులు ఆన్‌లైన్‌లో ఇచ్చే క్రౌడ్‌ఫ్లవర్ అనే కంపెనీ మీద 2012లో ఇలాంటి పనివాళ్లే కనీస వేతనం కోసం కేసు వేశారు. అది రాజీతో ముగిసింది, ఉద్యోగులా కాదా అన్నది తేలనే లేదు.

లేబర్ కోర్టుకు పత్రాలు తెప్పించే అధికారం ఉంది, గట్టిగా అడగండి. ఐడీ ఉండగానే సూచనలు, హెచ్చరికలు, తిప్పికొట్టిన పనులు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లోనే వదిలేయకుండా మీ సొంత ఈమెయిల్‌కు కూడా పంపుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది లాయరును ముందే అడగండి. ఫోన్ మాత్రం మార్చొద్దు, రీసెట్ చేయొద్దు.