గోత్రనామాల్లో పాప పేరు ఎందుకు లేదు?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర. ఉద్యోగాల వల్ల బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా పాపను రెండున్నరేళ్ళప్పుడు కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా దత్తత తీసుకున్నాం. ఇప్పుడు పదకొండేళ్ళు. దత్తత సంగతి చిన్నప్పుడే చెప్పాం. మొన్న సంక్రాంతి నుంచి పిల్ల మారిపోయింది. అబద్ధాలు చెబుతోంది, నా పర్సులో డబ్బులు తీస్తోంది, గట్టిగా అడిగితే ‘నన్ను తెచ్చిన చోటే వదిలేయండి’ అంటోంది. ముగ్గురు కౌన్సిలర్లకు చూపించాను. ఒకావిడ మొదటిరోజే ‘దత్తత పిల్లల్లో ఇవి మామూలే’ అని తేల్చేశారు. ఇంకొకరు మంచి పనికి ఒక స్టార్ అంటూ చార్టు ఇచ్చారు. మూడో ఆయన ఆన్‌లైన్, పాప కెమెరా ఆపేసి కూర్చుంటుంది. మావారు మమ్మల్ని దించి, కారులోనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు, ఇవన్నీ నీ డిపార్ట్‌మెంట్ అంటారు. పండక్కి ఊళ్ళో సత్యనారాయణ వ్రతం చేసుకున్నప్పుడు మా అత్తగారు గోత్రనామాల్లో పాప పేరు చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో ‘నాకు గోత్రం లేదా’ అని అడిగితే పడుకోమన్నాను. ఆవిడ పాతకాలం మనిషి, మేం పట్టించుకోలేదు. దత్తత పిల్లలను బాగా చూసే, తెలుగు వచ్చిన థెరపిస్టు పేరు చెప్పండి. స్కూలు మారిస్తే ఏమైనా ఫలితం ఉంటుందా?

జవాబు: అమ్మా, థెరపిస్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. చివర్లో, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు మీరు రాసిన ఆ వ్రతం ముచ్చట దగ్గరే నేను ఆగిపోయాను.

పీటల మీద మీరిద్దరూ కూర్చుని ఉంటారు. పంతులుగారు పేర్లు అడిగితే పెద్దావిడ ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ వచ్చి ఉంటారు, ఇంట్లో మిగతా మనవల పేర్లు కూడా. పిల్లలు ఆ తంతు ఎలా వింటారో మనకు తెలుసు కదా, మిగతాదంతా విసుగ్గా ఉన్నా తమ పేరు దగ్గర మాత్రం చెవులు రిక్కిస్తారు, వినపడగానే పక్కవాళ్ళను మోచేత్తో పొడుస్తారు. మీ పాప కూడా అలాగే చూసి ఉంటుంది. పేరు రాలేదు. సరే, పెద్దావిడ చెప్పలేదు. ఆచమనం చేసిన చేత్తో అక్కడే కూర్చున్న తండ్రి ఎందుకు చెప్పలేదు? ‘అమ్మా, పాప పేరు చెప్పలేదు’ అనడానికి ఎంతసేపు పడుతుంది? ముగ్గురు కౌన్సిలర్లలో ఒక్కరైనా ఈ సంగతి అడిగారో లేదో, అడిగినా మీరు చెప్పారో లేదో నాకు తెలియదు, కానీ పిల్ల సంక్రాంతి నుంచి మారిందని రాసింది మీరే.

అత్తగారు పాతకాలం మనిషి అనే మాట నేను ఒప్పుకోను. పాతకాలంలోనే దత్తతకు వచ్చిన కొడుకు పెంచిన తండ్రి గోత్రంతోనే బతికాడు, ఆయనకు తద్దినాలు పెట్టాడు, ఆస్తి తీసుకున్నాడు. ఆ సంగతి మీ అత్తగారికి మీకంటే బాగా తెలుసు. ఇక 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం చూసినా దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల అన్ని విధాలా మీ కడుపున పుట్టిన బిడ్డే. కాబట్టి ఆవిడది ఆచారం కాదు, మనవరాలిని ఇంకా ఒప్పుకోలేదు, అంతే. ఆవిడను మార్చే బాధ్యత పిల్ల మీద లేదు, మీ మీద కూడా లేదు. అది కొడుకు పని. తల్లంటే గౌరవం ఉండాల్సిందే, కానీ కన్నతల్లి నొచ్చుకుంటుందని కూతురి అవమానం చూస్తూ కూర్చోవడం గౌరవం కాదు. ఆవిడ నొచ్చుకుంటే నాలుగు రోజులు నొచ్చుకోనివ్వండి. వచ్చే పండక్కి గోత్రనామాలు ఆయన నోటితోనే చెప్పాలి, పాప పేరుతో సహా. దానికి అక్కడ ఒప్పుకోకపోతే మీరు ఆ పీటల మీద కూర్చోకండి, బెంగళూరులోనే చేసుకోండి.

అంతకంటే ముందు ఆయన పాపతో మాట్లాడాలి. లెక్చరు అక్కర్లేదు. ‘ఆ రోజు నీ పేరు చెప్పలేదని నేను చూశాను, నేను మాట్లాడాల్సింది, మాట్లాడలేదు, నాదే తప్పు, మా గోత్రమే నీ గోత్రం’ అంటే చాలు. మీరు పక్కన ఉండి ఆయన మాటలు సర్దొద్దు. పిల్ల వెంటనే కరిగిపోతుందని ఆశపడకండి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నా ఆశ్చర్యం లేదు. రెండున్నరేళ్ళ వరకు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారిన పిల్లకు వదిలేస్తారేమో అనే భయం ఎక్కడో ఉంటుంది, అప్పటి సంగతులు గుర్తు లేకపోయినా. ‘నన్ను అక్కడే వదిలేయండి’ అంటోంది అంటే, వదిలేస్తారా లేదా అని మిమ్మల్ని అడుగుతోంది. ప్రతిసారీ ‘వదలను’ అనే జవాబే రావాలి, కోపంలో ఉన్నప్పుడు కూడా. ఒకవేళ చచ్చిపోతాననే మాటలు గానీ, చెయ్యి కోసుకోవడం లాంటిది గానీ కనిపిస్తే మాత్రం మంచి థెరపిస్టు దొరికేదాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

డబ్బుల విషయం: ఏం కొంటోందో చూశారా? ఇలాంటి పిల్లలు కొందరు తిండో డబ్బో దాచుకుంటారు, ఖర్చు పెట్టడానికి కాదు, ఎందుకైనా మంచిదని. దొంగ అనే మాట ఆ ఇంట్లో వినపడకూడదు. నెలకు ఇంత అని తన చేతికే ఇవ్వండి.

ఇక థెరపిస్టు. పేరు చెప్పను, ఎందుకంటే ఎలా ఎంచుకోవాలో తెలియకపోతే నాలుగో ఆయన దగ్గరా ఇదే జరుగుతుంది. తెలుగు రావాలనే పట్టింపు వదిలేయండి. బెంగళూరులో పెరుగుతున్న పిల్ల తన బాధ ఇంగ్లీషులో చెప్పుకుంటుందో, కన్నడంలో చెప్పుకుంటుందో తననే అడగండి. తెలుగు వస్తే మీ ఆయనకు సుఖం, అంతవరకే. కౌన్సిలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, మొహమాటపడకుండా నంబరు అడగండి. ముందు మీరిద్దరే వెళ్ళండి, పాప లేకుండా. దత్తత కుటుంబాలతో పనిచేశారా, తల్లిదండ్రులను విడిగా కూర్చోబెడతారా, పాప చెప్పిన దాంట్లో మాకు ఏం చెబుతారు, ఏం చెప్పరు, ఈ మూడూ అడగండి. పాప చెప్పిన ప్రతి మాటా మీకు చేరవేస్తాననే మనిషి దగ్గర పాప నోరు విప్పదు. ఇన్ని సిట్టింగుల్లో మామూలు చేసేస్తాం అన్నవాళ్ళ దగ్గర, దత్తత మాట ఎత్తకపోవడమే మంచిదన్నవాళ్ళ దగ్గర ఫీజు కట్టి వచ్చేయండి. తండ్రి రాకపోయినా పరవాలేదు అన్నవాళ్ళు కూడా మీకు పనికిరారు. ఆయన లాప్‌టాప్ మూసి లిఫ్టు ఎక్కాల్సిందే, అది మీరు పాప ముందు కాకుండా విడిగా, గట్టిగానే చెప్పండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే హోసూరు రోడ్డులో ప్రభుత్వ మానసిక వైద్యశాల నిమ్హాన్స్ ఉంది. పిల్లలకు, టీనేజీ వాళ్ళకు అక్కడ విడిగా విభాగమే ఉంది. ఓపిగ్గా నిలబడాలి, కానీ ఆ వ్యవహారం తెలిసిన చోటు. మీకు పాపను ఇచ్చిన ఏజెన్సీకి కూడా ఫోన్ చేయండి. దత్తత తర్వాత మొదటి రెండేళ్ళు ఫాలోఅప్‌కు వచ్చిన సోషల్ వర్కర్ ఇంకా అక్కడే ఉంటే పాప అక్కడ గడిపిన రోజుల గురించి అడిగి రాసుకోండి. పుట్టిన కబుర్లు పాప తప్పకుండా అడుగుతుంది. 18 దాటాక తన మూలాలు తెలుసుకోవడానికి తనే కారాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మాట వినగానే మీ గుండె గుభేలుమంటుందని తెలుసు. అయినా ఆ హక్కు ఉందని పాపకు మీ నోటితోనే తెలియాలి. కన్నతల్లి గురించి అడిగినంత మాత్రాన మిమ్మల్ని అమ్మ కాదన్నట్టు కాదు.

సిట్టింగ్ అయ్యాక కారు ఎక్కగానే ఏం అడిగారు, నువ్వేం చెప్పావు అని మొదలుపెట్టకండి. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.

స్కూలు మార్చొద్దు. అక్కడ తనకు స్నేహితులు ఉన్నారు, ఇంకో చోటు పోగొట్టుకునే అవసరం ఆ పిల్లకు లేదు.