మంచు కురిసే ఊరిలో చలికాలం గడపబోతున్నారా? బీపీ, షుగర్ ఉన్న పెద్దలకు డాక్టర్ సలహా

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. అనంతపురంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. 12 ఏళ్లుగా బీపీకి, 9 ఏళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. ప్రోస్టేట్ గ్రంథి కొద్దిగా పెరిగిందని కూడా చెప్పారు. నిరుడు జనవరిలో నేనూ నా భార్యా అమెరికాలోని మినియాపోలిస్‌లో మా అబ్బాయి దగ్గర రెండు నెలలు ఉన్నాం. ఇక్కడ 130/80 ఉండే బీపీ అక్కడ 150/95 దాకా పెరిగింది. జలుబు చేస్తే దుకాణంలో కొన్న సిరప్ తాగాను, ఆ రాత్రి మూత్రం బిగిసి చాలా అవస్థపడ్డాను. మడమలు పగిలాయి, రోజంతా ఇంట్లోనే ఉండి దిగులుగా అనిపించింది. ఈసారి నవంబరు నుంచి మార్చి వరకు ఉండబోతున్నాం. అక్కడ ఉదయపు నడక సాగించవచ్చా? ఇంటి ముందు మంచు ఎత్తిపోయడంలో అబ్బాయికి సాయపడవచ్చా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. మంచు ఎత్తే పని మీరు చేయవద్దు. అబ్బాయి ఆఫీసుకు బయలుదేరేలోపు కారుకు దారి చేసి పెడదామని తండ్రికి అనిపించడం సహజమే, పైగా చూడటానికి అది దూదిని ఎత్తినంత తేలికగా కనిపిస్తుంది. కానీ తడి మంచు ఒక్క పారెడు కూడా చాలా బరువు ఉంటుంది. చలిగాలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. బరువెత్తేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం కాబట్టి అది ఇంకా పెరుగుతుంది. గుండె మరింత గట్టిగా పనిచేయవలసిన ఆ సమయంలోనే గుండెకు రక్తం అందించే నాళాలు కూడా చలికి కుంచించుకుపోతాయి. భారీగా మంచు పడిన రోజుల్లో గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చేవారిలో ఈ పని చేస్తూ కూలబడినవారు ఉంటారు. మీలాగా బీపీ, షుగర్ రెండూ ఉన్నవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ.

బీపీ పెరగడానికి చలి ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. ఇక్కడ రోజూ ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనో మరో చోటో తిరిగే మనిషికి అక్కడ నడక ఆగిపోతుంది, నోటికి రుచి కోసం ఇంటి నుంచి మోసుకెళ్లిన ఊరగాయ పూటపూటా పళ్లెంలోకి వస్తుంది. మీ సూట్‌కేసు బరువులో మామిడి ఊరగాయది, శెనక్కాయల పొడిది ఎంత వాటా ఉంటుందో నేను ఊహించగలను. ఊరగాయను పూర్తిగా మానమని చెప్పను గానీ, రోజుకు ఒకసారి చిటికెడుతో సరిపెట్టుకోండి. బీపీ మిషన్ వెంట తీసుకెళ్లి, బయటి నుంచి వచ్చిన వెంటనే కాకుండా, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్న తరువాత ఉదయం, సాయంత్రం చూసుకుని రాసిపెట్టుకోండి. వారం రోజుల సగటు 135/85 దాటితే మీ వైద్యుడితో ఫోనులో మాట్లాడండి. మాత్రలు మీ అంతట మీరు పెంచుకోవద్దు.

సిరప్ తాగిన రాత్రి జరిగింది కాకతాళీయం కాకపోవచ్చు. జలుబు మందుల్లో చాలావాటిలో ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ గానీ ఫినైలెఫ్రిన్ గానీ ఉంటుంది. ఇవి మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగింపజేస్తాయి, బీపీని కూడా పెంచగలవు. రాత్రి పూట తాగే సిరప్‌లలో మత్తు కలిగించే డైఫెన్‌హైడ్రమిన్ లాంటి మందులు కలిస్తే మూత్రాశయం సరిగా ముడుచుకోలేదు, పెద్దవయసువారిలో మతి తడబడటం కూడా జరుగుతుంది. ప్రోస్టేట్ పెరిగినవారు ఈ రెండు రకాలకూ దూరంగా ఉండాలి. ముక్కుదిబ్బడకు ఉప్పునీటి చుక్కలు చాలు, జ్వరం ఉంటే పారాసెటమాల్ వేసుకోవచ్చు. అక్కడ దానిని ఎసిటమినోఫెన్ అంటారు. చలికి మూత్రం ఎక్కువగా వస్తుందని నీళ్లు మానేయడం మాత్రం పొరపాటు. దాహం వేయకపోయినా, హీటర్ వేడికి పొడిబారిన గదిలో శరీరం నీటిని కోల్పోతూనే ఉంటుంది.

ఇక పాదాలు. 9 ఏళ్ల షుగర్‌లో పాదాల స్పర్శ కొంత తగ్గి ఉండవచ్చు, కాబట్టి మీకు చలి ఎంత శత్రువో వేడి కూడా అంతే శత్రువు. కాళ్లు చల్లబడ్డాయని హీటర్‌కు ఆనించడం, వేడినీళ్ల సంచి పెట్టుకుని నిద్రపోవడం వల్ల బొబ్బలెక్కి, తెల్లవారాక గానీ ఆ సంగతి తెలియని రోగులు ఉంటారు. కాళ్లకు మేజోళ్లు చాలు, తడిసిన మేజోళ్లను మాత్రం వెంటనే మార్చండి. రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకుని, మడమలకు వాజలైన్ రాయండి, వేళ్ల సందుల్లో రాయవద్దు. బయట తిరిగాక వేలి చివర తెల్లబడి మొద్దుబారితే దానిని రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. ఇంట్లోకి వచ్చి గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. ఆ నీళ్ల వేడిని మీ చేత్తో కాదు, మీ భార్య చేత్తో చూడమనండి.

నడక ఆపవద్దు, చోటు మార్చండి. జనవరిలో అక్కడ సగటు ఉష్ణోగ్రత సున్నాకు తొమ్మిది డిగ్రీల దిగువన ఉంటుంది, మన ఊరి చలిరాత్రితో దానికి పోలికే లేదు. ఆ నగరం మధ్యలో భవనాలను కలుపుతూ కప్పు ఉన్న వంతెనల దారులు ఉన్నాయి. పక్కనే బ్లూమింగ్టన్‌లో 1992లో తెరిచిన మాల్ ఆఫ్ అమెరికా ఉంది. అలాంటి చోట్ల అక్కడి పెద్దలు కూడా నడుస్తారు. మీకు వచ్చిన దిగులుకు మందు కూడా కొంతవరకు అదే అని నా అభిప్రాయం. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, మాట్లాడే మనిషి ఉండడు, పేపరు చేతికి రాదు. ఉదయం లేవగానే కిటికీ పక్కన వెలుతురులో కూర్చోండి, మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు గాలి లేకపోతే ముక్కూ నోరూ మఫ్లర్‌తో కప్పుకుని కాసేపు బయటికి రండి. నేలపై గడ్డకట్టిన మంచు అద్దంలా మెరుస్తూ ఉంటే మాత్రం గడప దాటవద్దు, ఈ వయసులో తుంటి ఎముక విరిగితే ఆ చలికాలమంతా మంచంలోనే గడుస్తుంది. రెండు వారాలు దాటినా ఏ పనిపైనా ఆసక్తి లేకపోతే, నిద్ర పట్టకపోతే దానిని చలికి సర్దుకోవడంగా కొట్టిపారేయక వైద్యుడికి చెప్పండి.

ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఫ్లూ టీకా వేయించుకోండి. న్యుమోనియా టీకా గురించీ అడగండి. ఈసీజీ, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఎ1సీ, కంటి పరీక్ష ఇక్కడే పూర్తి చేసుకోండి. మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకుని, వాటి అసలు పేర్లు రాసిన చీటీ తీసుకెళ్లండి, ఎందుకంటే మన కంపెనీల పేర్లు అక్కడివారికి తెలియవు. బీమా తీసుకునేటప్పుడు ముందునుంచే ఉన్న జబ్బులు అందులో చేరాయా అని అబ్బాయిని చదివి చూడమనండి.

ఛాతీలో బరువు, చెమటలు, మాట తడబడటం, ఒక చేయి పట్టు తప్పడం లాంటివి వస్తే, కొడుకూ కోడలూ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగకుండా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయాలి. ఆ ఇంటి చిరునామాను ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పడం మీ భార్యకు కూడా ఇప్పుడే నేర్పించండి, దానిని ఒక కాగితంపై రాసి ఫోను పక్కన గోడకు అతికించి పెట్టండి.