విన్నెటూ సినిమాలు: ఏ వరుసలో, ఏ ప్రతిలో చూడాలి

జర్మన్ రచయిత కార్ల్ మై నవలల మీద 1960ల్లో తీసిన జర్మన్ వెస్టర్న్‌లు (కౌబాయ్ సినిమాలు) ఎక్కడ మొదలుపెట్టాలి, ముందు పుస్తకాలు చదవాలా అని అడిగారు.

విడుదలైన వరుస పట్టుకోకండి. మొదట వచ్చింది 1962 నాటి 'డేర్ షాట్స్ ఇమ్ జిల్బర్‌జే', అంటే వెండి సరస్సు నిధి. కానీ అందులో అపాచీ అనే అమెరికా ఆదివాసీ తెగ నాయకుడు విన్నెటూ, జర్మన్ వాడైన ఓల్డ్ షాటర్‌హాండ్ అప్పటికే ప్రాణస్నేహితులు. ఆ స్నేహం ఎలా కుదిరిందో 1963లో వచ్చిన 'విన్నెటూ' ఒకటో భాగంలో ఉంది. ముందు అది, తర్వాత వెండి సరస్సు, ఆపైన రెండో భాగం (1964), మూడో భాగం (1965) చూడండి. ఈ నాలుగింటికీ దర్శకుడు హరాల్డ్ రైన్ల్, సంగీతం మార్టిన్ బోట్షర్. విన్నెటూగా పియెర్ బ్రీస్, షాటర్‌హాండ్‌గా లెక్స్ బార్కర్. నా మట్టుకు ఈ నాలుగే అసలు సరుకు.

స్టూవర్ట్ గ్రేంజర్ ఓల్డ్ షూర్‌హాండ్ అనే మరో కథానాయకుడిగా చేసిన మూడూ విడి కథలు, సరదాగా ఉంటాయి, ఎప్పుడైనా చూడొచ్చు. 1964 నాటి 'ఓల్డ్ షాటర్‌హాండ్' వేరే నిర్మాతది. 70 ఎం.ఎం.లో తీశారు, కానీ బోట్షర్ సంగీతం లేదు, ఆ వెలితి తెలుస్తుంది. మూడో భాగంలో విన్నెటూ చనిపోతాడు. 1966, 1968 సినిమాల్లో మళ్లీ కనిపిస్తే కంగారుపడకండి, వాటికి ఆ కథతో లంకె లేదు.

ఇక ఏ ప్రతి కొనాలన్న సంగతి. ఇంగ్లీషు పేర్లు చూసి కొంటే మోసపోతారు. ఒకటో భాగమే 'అపాచీ గోల్డ్', రెండోది 'లాస్ట్ ఆఫ్ ద రెనెగేడ్స్', మూడోది 'ద డెస్పరాడో ట్రెయిల్'. అందుకని జర్మన్ పేరు, విడుదలైన సంవత్సరం రెండూ సరిచూసుకోండి. బొమ్మ పూర్తి వెడల్పులో, అంటే ఎత్తుకు 2.35 రెట్ల వెడల్పుతో ఉండాలి. టీవీ కోసం పక్కలు కోసేసిన ప్రతిలో లోయ అంచున ఇద్దరు గుర్రాల మీద నిలబడితే ఒక్కరే మిగులుతారు! జర్మన్ మాటలు, కింద సబ్‌టైటిళ్లు పెట్టుకోండి. పెదాలకూ మాటకూ పొంతన కుదరకపోతే డిస్క్ తప్పు కాదు. బార్కర్ అమెరికన్, బ్రీస్ ఫ్రెంచివాడు. జర్మన్‌లో బార్కర్‌కు గొంతిచ్చింది గేర్ట్ గుంటర్ హోఫ్‌మన్. షాటర్‌హాండ్‌కు తోడుండి నవ్వించే శామ్ హాకెన్స్ మాటమాటకీ చేర్చే 'వెన్ ఇష్ మిష్ నిష్ట్ ఇరె' (నేను పొరబడకపోతే) ఆ భాషలోనే పండుతుంది.

కౌబాయ్ సినిమా అంటే మనకు 1971 నాటి 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్తొస్తుంది. దాని వరస ఇటాలియన్ వెస్టర్న్‌ది: దుమ్ము, డబ్బు, పగ. ఇక్కడ ఆ కరుకుదనం కోసం వెతక్కండి. ఇది మంచితనాన్ని మనసారా నమ్మే సినిమా.

అమెరికా కోసమూ వెతక్కండి. ఇవన్నీ అప్పటి యుగోస్లావియాలో, ఎక్కువగా ఇప్పటి క్రొయేషియాలో తీశారు. వెండి సరస్సు ప్లిట్విత్సె సరస్సుల్లో ఒకటి. అపాచీల ఊరి సెట్టు జ్ర్మాన్యా నది లోయలో వేశారు. విన్నెటూ తండ్రినీ చెల్లెలినీ చంపే కొండ తూలవె గ్రెదె. ఆ రాయిని దగ్గరగా చూడండి: న్యూమెక్సికో ఎర్రరాయి కాదు, వానకు కరిగి పళ్ల వరుసలా నిలిచిన తెల్ల సున్నపురాయి. అపాచీలను మట్టి అంతస్తుల ఇళ్లలో చూపించడం మాత్రం తప్పు, ఆ ఇళ్లు ప్వెబ్లో అనే వేరే ఆదివాసులవి. ఆ తప్పు నవలలోనే ఉంది. 1893లో విన్నెటూ మూడు భాగాలూ అచ్చయ్యేనాటికి మై అమెరికా గడప తొక్కలేదు. 1908లో వెళ్లాడు, అదీ తూర్పు వైపుకే.

పుస్తకాలు సినిమాల తర్వాతే చదవండి. ముందు చదివితే, విన్నెటూ తండ్రినీ చెల్లెలినీ చంపిన సాంటర్ దగ్గర చిక్కొస్తుంది. నవలల్లో ఆ హంతకుడు తప్పించుకుని మూడో భాగం చివరిదాకా బతుకుతాడు. సినిమాలో ఒకటో భాగంలోనే కొండ మీంచి అపాచీల ఈటెల మీద పడి చస్తాడు. అందుకే మూడో సినిమాకు రోలిన్స్ అనే కొత్త విలన్‌ను తేవాల్సి వచ్చింది. నవల చదివినవాళ్లకు ఆ మార్పు అతుకులా కనిపిస్తుంది, చదవనివాళ్లకు అసలు పట్టదు.