వేటు వేరు, పోటు వేరు

సందేహం: రోమన్ సైన్యం గురించిన ఒక తెలుగు వ్యాసంలో "శత్రువును కత్తిపోటుతో నరకడం కన్నా పొడవడమే మేలని సైనికులకు నేర్పేవారు" అని చదివాను. ఈ ప్రయోగం సరైనదేనా? ఈ సంగతి రాసిపెట్టిన రోమన్ రచయిత వెజీషియస్‌ను ఆ వ్యాసం ఒకచోట 'యుద్ధ శాస్త్రవేత్త' అని, మరోచోట 'పశువైద్యుడు' అని పేర్కొంది. ఇవి రెండూ ఒప్పేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: కత్తిపోటుతో నరకడం కుదరదు. నరికితే పడేది వేటు, పొడిస్తే దిగేది పోటు. అంచుకు వేటు, మొనకు పోటు. అందుకే వెన్నుపోటు, బల్లెపుపోటు, సూదిపోటు అంటాం. మనసులో గుచ్చుకునేలా అంటే అవి సూటిపోటి మాటలు. గొడ్డలికి మొన లేదు కనుక దానిది గొడ్డలిపెట్టు. ఈమధ్య పత్రికల్లో గొడ్డలిపోటు కూడా కనిపిస్తోంది. ఆ గొడ్డలిని ఏ వైపు నుంచి పొడిచారో రాసినవారే చెప్పాలి.

ఇక్కడ మాట తప్పితే విషయమే తలకిందులవుతుంది. ఎందుకంటే వెజీషియస్ చెప్పిన పాఠమంతా ఆ తేడా మీదే నిలబడింది. వేటు ఎంత బలంగా పడినా కవచమో ఎముకో అడ్డుకుంటుంది, కాబట్టి తరచూ ప్రాణం తీయదు. పోటు రెండు అంగుళాలు దిగితే చాలు, ప్రాణాంతకం. పైగా వేటు వేయడానికి చెయ్యి ఎత్తగానే కుడి పక్క అంతా శత్రువుకు బయటపడుతుంది. పోటుకైతే ఒళ్లు డాలు చాటునే ఉంటుంది. కొత్తగా చేరినవారి చేత ఆరడుగుల గుంజ పాతించి, దాన్నే శత్రువుగా భావించి సాధన చేయించేవారట. చేతిలో కర్రకత్తి, అల్లిక డాలు. రెండూ అసలు ఆయుధాలకు రెట్టింపు బరువు. ముఖానికి గురిపెట్టి ఒకటి, పక్కలకు ఒకటి, మోకాళ్ల వెనక ఒకటి. ఇంత వివరంగా చెప్పినవాడి మాటను 'కత్తిదెబ్బ' అని తేల్చేస్తే చెప్పిందంతా వృథా.

ఇక శాస్త్రవేత్త. 4వ శతాబ్దం చివరనో 5వ శతాబ్దం మొదట్లోనో రాసిన ఈయన తానేదో కనిపెట్టానని చెప్పుకోలేదు. కేటో, సెల్సస్, ఫ్రాంటైనస్ వంటి పూర్వుల రచనల నుంచి, అగస్టస్, హేడ్రియన్ చక్రవర్తుల సైనిక నిబంధనల నుంచి ఏరి కూర్చానని తనే చెప్పాడు. 'శాస్త్రం' అనడంలో ఇబ్బంది లేదు. పాకశాస్త్రం, అశ్వశాస్త్రం మనకు పాత మాటలే. విధివిధానాలు చెప్పే గ్రంథం శాస్త్రమే. 'శాస్త్రవేత్త' అనేసరికి మాత్రం నేటి పాఠకుడి కళ్లముందు ప్రయోగశాల కదలాడుతుంది. 'యుద్ధశాస్త్ర గ్రంథకర్త' అంటే సరిపోతుంది.

పశువైద్యుడు అన్నదీ అంతే. గుర్రాలకు, కంచరగాడిదలకు, ఎద్దులకు వచ్చే జబ్బుల మీద ఆయన పెద్ద గ్రంథం రాశాడు. జబ్బుచేసిన జంతువును మంద నుంచి వేరుచేయమన్నాడు. మనిషి తర్వాత పశువు ఎలాగో, మనుషుల వైద్యం తర్వాత పశువైద్యం అలాగని దానికి రెండో పీట వేశాడు. అదీ పూర్వుల నుంచి కూర్చిందే. వైద్యగ్రంథం రాసినంత మాత్రాన వైద్యుడని తేల్చలేం. యుద్ధగ్రంథంలోనూ ఆరోగ్యం మీద ఒక అధ్యాయం ఉంది: చిత్తడినేలల దగ్గర మజిలీ వద్దు, చెడునీరు విషంతో సమానం, సైనికుడి ఆరోగ్యానికి మందుల కన్నా రోజువారీ సాధన మేలు అని. దీన్ని పట్టుకుని మనుషుల వైద్యుణ్ని కూడా చేయరు కదా! 'పశువైద్య గ్రంథకర్త' అనండి. వాడుకలో పశువులంటే ఆవులు, గేదెలే అయినా, పశువైద్యం అన్న సమాసంలో గుర్రమూ చేరుతుంది, ఇంట్లో కుక్కా చేరుతుంది.

మీరు చూసిన వాక్యాన్ని ఇలా దిద్దవచ్చు: "శత్రువు మీద కత్తివేటు వేయడం కన్నా పోటు పొడవడమే మేలని రోమన్ సైనికులకు నేర్పేవారు."