పీఈ ఆరే ఉందని బ్రెజిల్ షేరు కొనొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ తోట, టౌన్‌లో ఎరువుల దుకాణం ఉన్నాయి. నాకు 47 ఏళ్లు. ఈమధ్య ప్లాటు అమ్మితే పన్ను పోను 18 లక్షలు చేతికొచ్చాయి. అమ్మాయి బీటెక్ మూడో ఏడాది చదువుతోంది, ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తానంటోంది. డాలస్‌లో ఉండే మా అన్న కొడుకు, 'అమెరికా మార్కెట్ బాగా పెరిగిపోయింది చిన్నాన్నా, ఇప్పుడు వేరే దేశాల వాల్యూ షేర్లు, అంటే అసలు విలువ కంటే చౌకగా దొరికేవి కొనాలి' అని ఐదు పేర్లు పంపాడు. బ్రెజిల్ చమురు కంపెనీ పెట్రోబ్రాస్, చైనా ఆన్‌లైన్ వ్యాపార సంస్థ అలీబాబా, జపాన్ మిత్సుబిషి, ఒక బ్రిటన్ బ్యాంకు, ఒక అమెరికా మందుల కంపెనీ. పెట్రోబ్రాస్ పీఈ ఆరే ఉందట. జపాన్ షేర్లు అమెరికా పెద్ద మదుపరి వారెన్ బఫెట్ కూడా కొన్నాడు కదా? 18 లక్షలూ వీటిలో పెట్టి, ఇంట్లో బంగారం మీద ఇంకో ఐదు లక్షలు లోన్ తీసుకుని కలపొచ్చా?

జవాబు: ఇందులో రెండు లక్షలకు మించి విదేశీ షేర్లలో పెట్టకండి. ఆ రెండు లక్షలు కూడా ఏడాదిన్నర పాటు కొంచెం కొంచెంగా, ఫండ్ ద్వారా పెట్టండి. మీ దగ్గరున్న ఐదు పేర్లను నేరుగా కొనకండి. బంగారం సంగతి చివర్లో చెప్తాను.

మీ అన్న కొడుకు మాటలో నిజం లేకపోలేదు. అమెరికాలోని 500 పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500లో మూడో వంతు బరువు ఏడు పెద్ద టెక్ కంపెనీల మీదే ఉంది. వడ్డీ రేట్లు సున్నా దగ్గర ఉన్నన్నాళ్లూ ఎప్పుడో రాబోయే లాభాలకు కూడా మదుపరులు ఈరోజే పెద్ద ధర ఇచ్చారు. 2022 మార్చి నుంచి 2023 జులై లోపు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ఆ రేటును 5.25-5.5 శాతానికి తీసుకెళ్లింది. 2022లో టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ మూడో వంతు పడిపోతే, చౌక ధరల్లో ఉన్న పాత తరహా కంపెనీలు అంతగా దెబ్బతినలేదు. 2025లోనైతే అమెరికా బయటి మార్కెట్లు డాలర్ లెక్కలో అమెరికా కంటే బాగా పెరిగాయి. డాలర్ బలహీనపడటం దానికి ఒక కారణం. కాబట్టి డబ్బు కొంత అమెరికా బయట, కొంత తక్కువ ధరల్లో ఉన్న షేర్లలో ఉండాలన్న ఆలోచన తప్పు కాదు. దాన్ని ఐదు పేర్ల లిస్టుగా మార్చి, పీఈ తక్కువ ఉంటే వాల్యూ అనుకోవడం దగ్గరే తేడా వచ్చింది.

పీఈ అంటే కంపెనీ ఒక ఏడాది లాభానికి మార్కెట్ ఎన్ని రెట్లు ధర కడుతోందో చెప్పే లెక్క. ఏ ఏడాది లాభం అన్నదే ప్రశ్న. మీరు పక్క ఊళ్లో చీనీ తోట బేరానికి వెళ్లారనుకోండి. రేటు మండిపోయిన ఏడాది వచ్చిన ఆదాయం చూసి తోటకు వెల కడతారా? రేటు పడిపోయిన ఏళ్లు, బోర్లు ఎండిపోయి చెట్లు నరికేసిన ఏళ్లు కూడా కలుపుకుని చూస్తారు. చమురు, ఉక్కు, ఓడల కంపెనీల పీఈ కూడా లాభాలు శిఖరం మీద ఉన్నప్పుడే అన్నిటికంటే తక్కువగా కనిపిస్తుంది. వాల్యూ పద్ధతికి ఆద్యుడైన బెంజమిన్ గ్రాహం ఇందుకే ఒక్క ఏడాది లాభం నమ్మొద్దని, చాలా ఏళ్ల సగటు చూడమని చెప్పాడు. ఆ సగటు మీద కట్టిన విలువకు కూడా బాగా తక్కువలో దొరికితేనే కొనాలన్నాడు.

పెట్రోబ్రాస్‌కు చమురు ధర ఒక్కటే సమస్య కాదు. ఓటు హక్కున్న షేర్లలో మెజారిటీ బ్రెజిల్ ప్రభుత్వానిదే. లీటరు పెట్రోలు ఎంతకు అమ్మాలి, డివిడెండ్ (వాటాదారులకు పంచే లాభం) ఎంత ఇవ్వాలి అన్నవి రాజకీయ నిర్ణయాలైపోతాయి. 2024 మార్చిలో అదనపు డివిడెండ్ ఆపేస్తున్నామని ప్రకటించగానే షేరు ఒక్క రోజులో పది శాతం దాకా పడింది. ఆ పీఈ ఆరులో ఈ భయం కూడా కలిసే ఉంది. మీకు ఎవరూ డిస్కౌంట్ ఇవ్వడం లేదు.

ఈ భయం నిజమైతే ఏమవుతుందో రష్యా చూపించింది. ఆ దేశపు అతిపెద్ద బ్యాంకు స్బెర్‌బ్యాంక్ 2021లో రికార్డు లాభం సంపాదించింది. పీఈ తక్కువ, డివిడెండ్ ఎక్కువ. వాల్యూ మదుపరి చూసే కొలతలన్నీ బాగున్నాయి. 2022 ఫిబ్రవరి 24న యుక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. ఫిబ్రవరి మొదట్లో పది డాలర్లకు పైగా పలికిన ఆ బ్యాంకు లండన్ రసీదులు (షేర్లకు బదులుగా లండన్ మార్కెట్‌లో ట్రేడయ్యే పత్రాలు) మార్చి 2న ఒక్క సెంటుకు పడిపోయాయి. మర్నాడు వాటి ట్రేడింగే ఆపేశారు. బ్యాలెన్స్ షీట్ ఎంత శ్రద్ధగా చదివినవాళ్లకైనా అక్కడ రక్షణ దొరకలేదు.

అలీబాబా అంత ఘోరం కాదు గానీ గుర్తుపెట్టుకోదగ్గ కథే. 2020 అక్టోబరులో న్యూయార్క్‌లో 300 డాలర్లు దాటింది. నవంబరులో దాని అనుబంధ చెల్లింపుల సంస్థ యాంట్ ఐపీఓను (తొలిసారి షేర్ల అమ్మకం) చైనా అధికారులు లిస్టింగ్‌కు రెండు రోజుల ముందు నిలిపేశారు. ధర సగమైనప్పుడు 'చౌకగా దొరికింది' అని కొన్నవాళ్లు, 2022 అక్టోబరులో అది 65 డాలర్ల కిందికి జారడం కూడా చూశారు. మందుల కంపెనీ విషయం సులువు: పేటెంట్ ముగిస్తే మిగతావాళ్లూ ఆ మందు చేస్తారు, లాభం పడిపోతుంది. ఏ మందు పేటెంట్ ఏ ఏడాది ముగుస్తోందో మీ అన్న కొడుకును అడగండి. చెప్పలేకపోతే ఆ పీఈకి అర్థం లేదు. బ్రిటన్ బ్యాంకు గురించి ఇక్కడ కూర్చుని మీరూ నేనూ చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు.

ఇక జపాన్. ఇక్కడ చౌకదనానికి ఒక కారణం ఉండేది, ఆ కారణం తొలగే దారి కూడా కనిపించింది. కంపెనీలు డబ్బు పోగేసుకుని కూర్చునేవి, వాటాదారులను పట్టించుకునేవి కావు. 2023 మార్చిలో టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్, పుస్తక విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) కంటే తక్కువ ధరకు ట్రేడవుతున్న కంపెనీలను దీన్ని ఎలా సరిచేస్తారో చెప్పమని అడిగింది. 1989 డిసెంబరు నాటి జపాన్ షేర్ల సూచీ నిక్కీ రికార్డు 2024 ఫిబ్రవరిలో గానీ బద్దలవలేదు. అంటే 34 ఏళ్లు. చౌక అనుకుని మధ్యలో కొన్నవాళ్లలో ఎందరికి అంత ఓపిక ఉండి ఉంటుంది?

బఫెట్ కొన్నాడన్నది నిజమే. మిత్సుబిషి సహా ఐదు ట్రేడింగ్ (సరుకుల వ్యాపార) కంపెనీల్లో ఐదేసి శాతం వాటా కొన్నట్టు 2020 ఆగస్టు 30న ప్రకటించాడు. కానీ ఆయన జపాన్‌లోనే యెన్‌లలో తక్కువ వడ్డీకి అప్పు చేసి ఆ షేర్లు కొన్నాడు. యెన్ పడితే డాలర్లలో ఆయన అప్పు కూడా ఆ మేరకు తగ్గుతుంది. మీకు ఆ రక్షణ ఉండదు. 2021 మొదట్లో వంద యెన్‌లకు సుమారు 70 రూపాయలు వచ్చేవి, 2024 జులై నాటికి అది 52 దగ్గరకు దిగింది. షేరు పెరిగినా, రూపాయల్లో దాని విలువలో నాలుగో వంతును మారకమే తినేసింది. పైగా మిత్సుబిషి షేరు బఫెట్ కొన్నప్పటి నుంచి మూడింతలకు పైగా అయింది. ఆయనకు దొరికిన ధర ఇప్పుడు మీకు దొరకదు.

డాలర్‌తో మాత్రం మన అనుభవం వేరు. 2011 మధ్యలో 45 రూపాయల దగ్గరున్న డాలర్ 2025 డిసెంబరులో 90 దాటింది. విదేశీ పెట్టుబడి వల్ల మనకు దక్కే అసలు లాభాల్లో ఇదొకటి. అది ఏటా సమంగా రాదు. కొన్నేళ్లు కదలదు, ఆనక ఒక్కసారి కదులుతుంది.

నేరుగా డబ్బు పంపే దారి గురించీ తెలుసుకోండి. విదేశాలకు డబ్బు పంపుకునేందుకు ఆర్‌బీఐ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. పెట్టుబడి కోసం ఏడాదిలో 10 లక్షలు దాటి పంపితే, దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. మీరు 18 లక్షలూ పంపితే 1.6 లక్షలు ముందే పోతాయి. రిటర్న్‌లో సర్దుబాటు అవుతాయి గానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండవు. దీనికి తోడు మారకంలో బ్యాంకు కోత, పంపే చార్జీ, అమెరికా కంపెనీ డివిడెండ్‌లో 25 శాతం అక్కడే పన్ను. మీరు దుకాణానికి చిన్న వ్యాపారుల సులువు రిటర్న్ ఐటీఆర్-4 వేస్తుంటే ఒక్క విదేశీ షేరు ఉన్నా అది కుదరదు, ఐటీఆర్-3 వేయాలి, విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. 20 లక్షలు మించని షేర్ల వంటి వాటికి 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానాలో సడలింపు ఇచ్చారు, అయినా చూపించాల్సిందే. రెండు లక్షల కోసం ఇంత టెన్షన్ ఎందుకు?

ఇప్పుడు మీ 18 లక్షలు. అమ్మాయి చదువుకు 10 లక్షలు పక్కన పెట్టండి. రెండేళ్లలోపు కావాల్సిన డబ్బుకు షేర్ మార్కెట్‌తో పనిలేదు. యూనివర్సిటీ ఐ-20 (విద్యార్థి వీసాకు కావాల్సిన పత్రం) ఇచ్చే ముందు బ్యాంకు బ్యాలెన్స్, ఎఫ్‌డీ, లోన్ మంజూరు పత్రం వంటివి చూస్తుంది, షేర్లను మామూలుగా లెక్కలోకి తీసుకోదు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే కాబట్టి రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీ చేయండి. ఇంకో మూడు లక్షలు దుకాణానికీ తోటకూ ఉండాలి. ఖరీఫ్‌లో సరుకంతా అరువు మీద పోయి, రైతు దగ్గర వసూలు ఆగిపోతే ఎలా ఉంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు.

మిగిలిన ఐదు లక్షల్లో మూడు లక్షలు భారత ఇండెక్స్ ఫండ్‌లో (సూచీలోని షేర్లన్నీ అదే నిష్పత్తిలో కొనే ఫండ్) పెట్టండి. ఆ రెండు లక్షలకు, వాల్యూ పద్ధతి పాటిస్తూ కొంత విదేశీ షేర్లు కూడా పట్టుకునే ఫ్లెక్సీ క్యాప్ ఫండ్ (చిన్నా పెద్దా ఏ సైజు కంపెనీల్లోనైనా పెట్టేది) చూడండి. కనీసం 65 శాతం మన షేర్లే ఉంటే మామూలు ఈక్విటీ పన్నే పడుతుంది. పూర్తి విదేశీ ఫండ్ ఆఫ్ ఫండ్ (వేరే విదేశీ ఫండ్లలో పెట్టే ఫండ్) కావాలంటే రెండేళ్లు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం. మన దగ్గరున్న విదేశీ ఫండ్లలో ఎక్కువ భాగం అమెరికా టెక్ చుట్టూ తిరిగేవే, కాబట్టి పేరులో 'గ్లోబల్' ఉందని చూడకుండా లోపల ఏ దేశం ఎంత ఉందో ఫండ్ సంస్థ నెలనెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో చూసి కొనండి. మ్యూచువల్ ఫండ్ పరిశ్రమ మొత్తానికి విదేశీ పెట్టుబడిపై 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. అది 2022లో నిండినప్పటి నుంచి కొన్ని ఫండ్లు కొత్త డబ్బు తీసుకోవడం ఆపుతూ, మళ్లీ తెరుస్తూ ఉన్నాయి. ఈ కారణంగానే మన ఎక్స్ఛేంజ్‌లో షేరులా కొనుక్కునే విదేశీ ఈటీఎఫ్ ఫండ్లు ఒక్కోసారి అసలు విలువ కంటే పది శాతం పైగా ఎక్కువకు ట్రేడవుతాయి. 90 రూపాయల సరుకుకు 100 కడితే అది వాల్యూ ఎలా అవుతుంది? కొనే ముందు ఫండ్ సంస్థ సైట్‌లో ఐఎన్‌ఏవీ, అంటే ఆ యూనిట్ అప్పటి అసలు విలువ, చూసుకోండి.

బంగారం మీద లోన్ వద్దు. ఎల్‌ఆర్‌ఎస్ కింద విదేశీ పెట్టుబడికి పంపే డబ్బు కోసం బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధనే ఉంది. ఆ నగలు ఇంట్లోనే ఉండనివ్వండి. అమ్మాయి అడ్మిషన్ వచ్చాక పది లక్షలు చాలకపోతే విద్యా రుణానికి వెళ్లండి, ఆ రుణం నుంచి ఫీజు కట్టడానికి పంపే డబ్బుకు 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ కూడా లేదు.