సెన్సర్ మార్చేయమంటున్నారు, మార్చాలా?

ప్రశ్న: మా డీజిల్ కారులో ఇంజిన్ లైట్ వెలిగింది, స్ప్రింగ్ చుట్టలా ఉండే పసుపు గుర్తు కూడా మెరుస్తోంది, పికప్ బాగా తగ్గింది. స్కాన్ చేస్తే పీ2453 వచ్చింది. కోడ్ చెరిపేసినా రెండు రోజులకే మళ్లీ వస్తోంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ప్రెషర్ సెన్సర్ పోయిందంటున్నారు. మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దండి. స్టార్ట్ చేసే ముందు ఆ చుట్ట గుర్తు కాసేపు వెలిగి ఆరిపోవడం మామూలే, కానీ నడుస్తుండగా మెరిస్తే చాలా కార్లలో అది ఇంజిన్ కంట్రోల్ సిస్టమ్‌లో ఫాల్ట్ ఉందని అర్థం. పికప్ తగ్గింది కూడా, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకోవడం వల్లే కావచ్చు. ఇక కోడ్ సంగతి: సెన్సర్ ఇస్తున్న రీడింగ్ నమ్మేలా లేదని మాత్రమే అది చెబుతుంది, సెన్సర్ పోయిందని కాదు. ఈ తేడా పట్టించుకోకుండా పార్టులు మార్చేయడం నాకు అస్సలు నచ్చదు.

ముందు ఫిల్టర్ నుంచి సెన్సర్‌కి వెళ్లే సన్నని గొట్టాలు చూడమనండి, అవి వేడికి పగులుతాయి, ఊడిపోతాయి, మసితో మూసుకుపోతాయి. కనెక్టర్, వైర్లు కూడా చూడాలి. తర్వాత ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో లైవ్ డేటా (అప్పటికప్పుడు వచ్చే రీడింగులు) చూస్తే ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా దాదాపు సున్నా ఉండాలి, అలా లేకపోతే అప్పుడు సెన్సర్‌ని అనుమానించండి. అన్నీ బాగుండి, ఇంజిన్ నడిచేటప్పుడు ప్రెషర్ ఎక్కువ చూపిస్తే ఫిల్టర్‌లోనే మసి నిండి ఉండొచ్చు. ఎప్పుడూ దగ్గరి దూరాలకే వాడితే, మసి కాలడానికి కావలసిన 600 డిగ్రీల దాకా ఫిల్టర్ వేడెక్కదు.

కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా (కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ రీడింగులు) రాసి పెట్టుకోండి, చెరిపితే అదీ పోతుంది. ఎర్రటి ఆయిల్ లైట్ గానీ వెలిగితే మాత్రం పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి.